గాలితో నడిచే కుట్టు మిషన్

అమెరికాలో ఉండే ఆమిష్ అనే క్రైస్తవ శాఖ వాళ్ళ గురించి మన దగ్గర చాలామందికి తెలిసింది మూడు ముక్కలు. ఇంటికి కరెంటు పెట్టుకోరు, కారు కొనరు, గుర్రబ్బండిలో తిరుగుతారు. మూడూ నిజమే. కానీ కరెంటు లేని ఇంట్లో ఫ్రిజ్ ఎలా నడుస్తుంది, కరెంటు లేని వర్క్‌షాపులో అన్నన్ని టేబుళ్ళూ కుర్చీలూ ఎలా తయారవుతున్నాయి అని అడిగితే చెప్పేవాళ్ళు తక్కువ. నేను బతుకంతా బాలానగర్‌లో మోటార్లు రీవైండింగ్ చేస్తూ, కంప్రెసర్లు విప్పి బిగిస్తూ గడిపినవాణ్ణి. ఎక్కడికి వెళ్ళినా నా కళ్ళకి ముందు కనిపించేవి అవే. అందుకని ఈ పోస్టులో గుర్రాల కంటే పైపులూ బెల్టులూ ఎక్కువ ఉంటాయి.

మా అమ్మాయీ అల్లుడూ ఫిలడెల్ఫియా శివార్లలో ఉంటారు. అక్కణ్ణుంచి కారులో పడమటికి వెళితే లాంకాస్టర్ కౌంటీ వస్తుంది. ఇవాళ అమెరికా, కెనడాలు కలిపి ఆమిష్ జనాభా దాదాపు 4 లక్షలు. అందులో 40 వేల మందికి పైగా ఈ లాంకాస్టర్ చుట్టుపక్కలే ఉంటారు. 1900 ప్రాంతంలో మొత్తం ఆమిష్ జనం పది వేలు కూడా లేరు. ఇంటికి ఆరేడుగురు పిల్లలు, ఎదిగిన పిల్లల్లో నూటికి ఎనభై అయిదు మందికి తక్కువ కాకుండా అక్కడే ఉండిపోతారు. ఇరవై ఏళ్ళకోసారి జనాభా రెట్టింపవుతోంది. అంతరించిపోతున్న పాతకాలపు మనుషులని ఎవరైనా అంటే ముందు ఈ లెక్క చూపించాలి.

వీళ్ళ మూలం స్విట్జర్లాండ్‌లో ఉంది. 1525లో జ్యూరిక్‌లో కొందరు చంటిపిల్లలకి ఇచ్చే బాప్తిస్మం చెల్లదని, తెలిసిన వయసులో మనిషి తనంతట తాను తీసుకున్నదే బాప్తిస్మమని తేల్చి, ఒకరికొకరు మళ్ళీ బాప్తిస్మం ఇచ్చుకున్నారు. వాళ్ళనే అనాబాప్టిస్టులు అంటారు. అటు కాథలిక్కులూ ఇటు ప్రొటెస్టెంట్లూ ఇద్దరూ వాళ్ళని వేటాడారు. కొందర్ని నదిలో ముంచి చంపారు, కొందర్ని మంటల్లో కాల్చారు. ఆ గుంపులోంచే మెన్నో సైమన్స్ పేరు మీద మెన్నోనైట్లు వచ్చారు. కట్టుబాటు తప్పినవాళ్ళని వెలివేసే విషయంలో ఇంకా గట్టిగా ఉండాలని జాకబ్ అమ్మన్ అనే పెద్ద 1693లో విడిపోయాడు. ఆయన వెంట నడిచినవాళ్ళే ఆమిష్. అన్ని మతాలవాళ్ళనీ రానిచ్చిన విలియం పెన్ స్థాపించిన పెన్సిల్వేనియా నేల మీదికి, 1700లలో వీళ్ళు ఓడలెక్కి వచ్చారు.

మన పాలమూరు, నల్గొండ వైపు వాళ్ళకి ఇది మరీ తెలియని కథ కాదు. షంషాబాద్, జడ్చర్ల, వనపర్తి, గద్వాల ఎటు వెళ్ళినా కనిపించే ఎంబీ చర్చిలు మెన్నోనైట్ బ్రదరన్ చర్చిలే. 1890 ప్రాంతంలో రష్యా నుంచి వచ్చిన మెన్నోనైట్ మిషనరీలు నల్గొండలో పని మొదలుపెట్టారు, 1899లో అమెరికా నుంచి ఇంకొందరు వచ్చారు. మా షాపులో పెద్ద మేస్త్రీది జడ్చర్ల వైపు, ఆదివారం ఎంబీ చర్చికే పోతాడు. నేను బయల్దేరే ముందు, "వాళ్ళు మాకు పెదనాయిన పిల్లలయితరు సార్, మంచిగ చూసి రండి" అని చెప్పి పంపాడు.

మా అమ్మాయి అక్కడ ఒక ఆమిష్ వర్క్‌షాపులో డైనింగ్ టేబుల్ చేయించుకుంది. అది తెచ్చుకోవడానికి వెళ్తూ మమ్మల్నీ తీసుకెళ్ళింది. పెద్ద రోడ్డు దిగి 340 నంబరు రోడ్డు మీదికి మళ్ళగానే బూడిద రంగు గుర్రబ్బళ్ళు ఎదురవడం మొదలైంది. బండి వెనక నారింజ రంగు త్రికోణం బోర్డు, బ్యాటరీతో వెలిగే లైట్లు, ఇండికేటర్లు. ఫైబర్ బాడీ, హైడ్రాలిక్ బ్రేకులు. గుర్రాలు చాలావరకు రేసుల్లోంచి రిటైరైనవని అల్లుడు చెప్పాడు. పొలంలో ఒకతను కంచరగాడిదలు కట్టి గడ్డి మోపులు కట్టే మిషన్ లాగిస్తున్నాడు. ఆ మిషన్ మీద చిన్న ఇంజిన్ నడుస్తోంది. అంటే మోపు కట్టే పని ఇంజిన్‌ది, లాగే పని జంతువుది. కారు ఆపమని అడిగి కాసేపు చూశాను. ట్రాక్టరు ఉంటే పొలం తొందరగా అయిపోతుంది, పక్కవాడి పొలం మీద కన్ను పడుతుంది, సాయానికి మనుషులు అక్కర్లేకుండా పోతారు. అందుకే పొలంలోకి ట్రాక్టరు వద్దన్నారు. గడ్డి మోపు కట్టే ఇంజిన్‌తో ఆ భయం లేదు, దాన్ని రానిచ్చారు.

వర్క్‌షాపు యజమాని అరవై దాటినాయన. మీసం లేకుండా గడ్డం, గడ్డి టోపీ, ప్యాంటుకి సస్పెండర్లు. పెళ్ళయ్యాకే గడ్డం పెంచుతారు. మీసం మాత్రం ఒకప్పుడు సైనికుల గుర్తు కాబట్టి ఉంచుకోరు. అమ్మాయి లెక్కలు చూసుకుంటుంటే నా చెవి వెనక షెడ్డు మీదికి పోయింది. నిదానంగా, ఒకే లయలో తిరుగుతున్న డీజిల్ ఇంజిన్ చప్పుడు, మధ్యలో కంప్రెసర్ లోడ్ ఎక్కినప్పుడు మారే గొంతు. నేను ఇండియాలో కంప్రెసర్లు బాగుచేస్తానని చెప్పాను. ఆయన మొహం వెలిగింది. రండి అని లోపలికి తీసుకెళ్ళాడు.

ఒక్క డ్రిల్లింగ్ మిషన్ గురించి వివరంగా చెప్తాను. ఫ్యాక్టరీలో కరెంటు మోటారుతో తయారైన మామూలు మిషన్ అది. వెనక మోటారు కూర్చునే ప్లేటుకి నాలుగు బోల్టు రంధ్రాలు ఖాళీగా ఉన్నాయి. వాటి మీద ఇంకో ఇనుప ప్లేటు కొలిచి కోసి బిగించారు. ఆ ప్లేటు మీద అరచేతిలో పట్టేంత ఎయిర్ మోటారు, దానికి పాత పుల్లీయే ఎక్కించారు. వెల్డింగు శుభ్రంగా ఉంది, అంచులు ఫైలుతో రుద్ది నున్నగా చేశారు. కరెంటు స్విచ్ ఉండాల్సిన చోట ఇత్తడి వాల్వు. పైకప్పు కింద ఒక పైపు పొడుగునా పోతూ ఒక్కో మిషన్ దగ్గర ఒక్కో కొమ్మ దిగుతోంది. ప్రతి కొమ్మకీ నీళ్ళు పట్టే ఫిల్టరు, నూనె చుక్కలు వేసే లూబ్రికేటరు. పెద్ద రంపానికి గాలి చాలదు, దానికి హైడ్రాలిక్ నూనె లైను వేరే ఉంది. షెడ్డులో ట్యాంకు గేజ్ మీద ముల్లు 120 దగ్గర నిలబడింది. ఎక్కడా గాలి లీకు చప్పుడు లేదు. మన ఇండస్ట్రియల్ ఎస్టేట్లలో ఏ షాపులోకి వెళ్ళినా ముందు వినిపించేది ఆ లీకే.

"తీసేసిన మోటార్లు ఏం చేశారు?" అని అడిగాను.

"అమ్మేశాం. కొత్తవే కదా, మంచి ధర వచ్చింది."

కంప్రెస్ చేసిన గాలి కంటే ఖరీదైన శక్తి ఫ్యాక్టరీలో ఇంకోటి ఉండదు. ఇంజిన్ పెట్టిన బలంలో ఎక్కువ భాగం వేడి కింద ఎగిరిపోతుంది, పని చేసే చోటికి చేరేది కొంచెమే. అదే ఇంజిన్‌కి ఒక ఆల్టర్నేటర్ తగిలించి కరెంటు తీసుకుంటే డీజిల్ చాలా మిగులుతుంది. ఆ మాటే అన్నాను.

"తెలుసు. డీజిల్ బిల్లు కట్టేది నేనే" అన్నాడాయన. తర్వాత చెయ్యెత్తి పైపు చూపించాడు. "ఈ పైపు మొదలు ఆ షెడ్డులో ఉంది, చివర ఈ గోడ దగ్గర ఉంది. దీంతో డ్రిల్లు తిరుగుతుంది, ఇంట్లో నా భార్య కుట్టు మిషన్ తిరుగుతుంది, పిండి కలిపే మిషన్ తిరుగుతుంది. టెలివిజన్ నడవదు. మీ వైరు పట్టుకుని ఇంట్లోకి ఇంకా ఏమేం వస్తాయో ఎవరు చెప్పగలరు?"

నేను ఈ పోస్టు రాస్తున్నదే ఈ మాట కోసం. వాళ్ళు మెషీన్లకి విరోధులు కారు. నేను చూసిన మెకానిక్కుల్లో ఆయన చాలా పైస్థాయి మనిషి. ఒక వస్తువు ఇంటికొస్తే దాని వెనకాల ఏం వస్తాయో ముందే ఆలోచించి, వద్దనుకున్నవి రాకుండా ఆ వస్తువునే విప్పి మళ్ళీ కట్టుకుంటున్నారు. ఆలోచించేది కూడా ఒక్కడు కాదు, ఊరంతా కలిసి.

ఆ ఆలోచనకి పెద్ద చరిత్రే ఉంది. ఆయన చెప్పిందీ తర్వాత నేను చదివిందీ కలిపి రాస్తున్నాను. 1900 తర్వాత మొదటి పదేళ్ళలో లాంకాస్టర్‌లో కొందరు ఇళ్ళలో ఫోన్లు పెట్టుకున్నారు. లైను మీద ఒకరి మాటలు ఒకరు విని చాడీలు మొదలయ్యాయని, ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవడం తగ్గుతోందని 1910 నాటికి పెద్దలు ఇళ్ళలోంచి తీసేయమన్నారు. ఒప్పుకోనివాళ్ళు కొందరు విడిపోయారు. అలాగని ఫోను అసలే ముట్టకూడదనలేదు. పొలం గట్టు మీద చిన్న చెక్క గది కట్టి, అందులో నాలుగైదు ఇళ్ళకి కలిపి ఒక ఫోను పెట్టుకుంటారు. డాక్టరుకి, పశువుల డాక్టరుకి, గిరాకీలకి చేస్తారు. మోగితే తీయడానికి అక్కడ ఎవరూ ఉండరు, మెసేజ్ వదిలితే తీరికగా వచ్చి వింటారు. కరెంటు లైను సంగతి 1919-20 ప్రాంతంలో తేల్చారు. బ్యాటరీ వాడుకోవచ్చు, బయటి లోకపు తీగ మాత్రం ఇంటికి తగలకూడదు.

నాకు బాగా నచ్చింది పాల ట్యాంకుల కథ. 1960ల చివర్లో పాల కంపెనీలు క్యాన్లలో పాలు ఇక తీసుకునేది లేదని తెగేసి చెప్పాయి. చల్లబరిచే పెద్ద ట్యాంకు ఉండాలి, పాలు విరక్కుండా దానంతటదే కలిపే మోటారు ఉండాలి. పాడి పోతే సగం ఊరు బతుకుతెరువు పోతుంది. బిషప్పులు కంపెనీవాళ్ళతో కూర్చున్నారు. డీజిల్ ఇంజిన్‌తో కూలింగు, 12 వోల్టుల బ్యాటరీతో కలిపే మోటారు అని ఒప్పందమైంది. ఆదివారం పాలు తీసుకెళ్ళడానికి రాకూడదని వీళ్ళు పట్టుబట్టారు, దానికి కంపెనీలు తగ్గాయి. అలా ప్రతి పాకలోకీ డీజిల్ ఇంజిన్ వచ్చింది. ఇంజిన్ ఎలాగూ తిరుగుతోంది కదా అని దానికి కంప్రెసర్ తగిలించారు. గాలి పైపు పాకలోంచి ఇంట్లోకీ వర్క్‌షాపులోకీ పాకింది. ఇప్పుడు సోలార్ ప్యానెళ్ళు, ఛార్జింగ్ డ్రిల్లులు కూడా కనిపిస్తున్నాయి. తీగ ఊరి బయటికి పోదు కాబట్టి చాలా సంఘాలు సోలార్‌కి సరేనన్నాయి.

ఈ నియమాలన్నిటినీ ఆర్డ్‌నుంగ్ అంటారు. చాలావరకు కాగితం మీద ఉండదు. పాతిక నుంచి నలభై ఇళ్ళు కలిసి ఒక సంఘం, ఏ సంఘం కట్టుబాటు దానిదే. ఏడాదికి రెండుసార్లు, ప్రభువు బల్లకి (రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధనకి) ముందు, బాప్తిస్మం తీసుకున్న ఆడామగా అందరూ కూర్చుని ఈ కట్టుబాటుకి అందరం ఒప్పుకుంటున్నామా అని అడుగుతారు. మనసులు కలవకపోతే బల్ల వాయిదా పడుతుంది. బిషప్పుకి జీతం లేదు, చదువు అర్హత లేదు. పాస్టర్లని ఎంచుకునేటప్పుడు పేర్లు వచ్చినంతమంది ముందు పాటల పుస్తకాలు పెడతారు, ఒక దాంట్లో చీటీ ఉంటుంది, అది ఎవరికి వస్తే వాళ్ళు బతికినన్నాళ్ళూ ఆ బరువు మోయాలి. చర్చి బిల్డింగు ఉండదు. రెండు వారాలకోసారి ఒకరింట్లో ఆరాధన, బెంచీలు బండి మీద ఇంటింటికీ తిరుగుతాయి. పాటల పుస్తకం పేరు ఆస్‌బుండ్. అందులో పాత పాటలు 1500లలో జైళ్ళలో ఉన్న అనాబాప్టిస్టులు రాసినవి. స్వరాలు అచ్చు వేసి ఉండవు, విని నేర్చుకోవడమే. ఒక్క పాట ఇరవై నిమిషాలు సాగుతుందట.

మేం వర్క్‌షాపులో ఉండగా మా ఆవిడ ఇంట్లో ఉంది. ఆయన భార్య అమ్మకానికి కుట్టిన క్విల్టులు చూపిస్తానని తీసుకెళ్ళింది. మా ఆవిడ కూకట్‌పల్లిలో ఇంటి దగ్గరే జాకెట్లు కుడుతుంది. ఆ క్విల్టు మన బొంత లాంటిదే, గుడ్డముక్కల లెక్క మాత్రం చాలా కచ్చితం, వెనక వైపు కూడా కుట్టు తప్పదు. నేను వెళ్ళేసరికి మా ఆవిడ గాలి మిషన్ ముందు కూర్చుని ఉంది. పెడల్ నొక్కగానే సన్నగా బుస్‌మని గాలి చప్పుడు, సూది మెల్లగా మొదలై వేగం అందుకుంది. పాదం ఎంత నొక్కితే అంత వేగం.

"మోటరు వేడెక్కట్లేదండీ, చెయ్యి పెట్టి చూడండి" అంది.

పెట్టాను. చల్లగా ఉంది. గాలి పీడనం వదిలినప్పుడు చల్లబడుతుంది కాబట్టి ఎయిర్ మోటారు ఎంతసేపు తిప్పినా కాలదు. మా షాపుకి రోజూ వచ్చే కుట్టు మిషన్ మోటార్లన్నీ కాలి వచ్చేవే. ఆ గదిలో గ్యాసు ఫ్రిజ్ కూడా ఉంది. దానికి కంప్రెసరే ఉండదు, కింద చిన్న మంట, ఆ వేడితోనే లోపల చల్లబడుతుంది. దీపం గ్యాసు సిలిండర్ పెట్టిన చక్రాల స్టాండు మీద ఉంది, ఏ గదికి కావాలంటే ఆ గదికి తోసుకెళతారు. ఒక్క దీపం ఉంటే సాయంత్రం ఇంటిల్లిపాదీ దాని చుట్టూ చేరతారని ఆవిడ చెప్పింది.

ఆ ఇంటికి పక్కగా అతికించి ఇంకో చిన్న ఇల్లుంది. మధ్యలో తలుపు. అది తాత ఇల్లు. చిన్నకొడుకు కుటుంబం పెద్దదయ్యాక అమ్మానాన్నలు పెద్దిల్లు వాళ్ళకి వదిలి ఈ చిన్నింట్లోకి మారతారు. వంట వేరు, పొయ్యి వేరు, కానీ మనవలు రోజంతా ఆ తలుపులోంచి తిరుగుతూనే ఉంటారు. ఈ పద్ధతి ఒకరిద్దరిది కాదు, ఊరంతా అంతే. వృద్ధాశ్రమాలు లేవు. ప్రభుత్వ పింఛను తీసుకోరు. 1965లో అమెరికా పార్లమెంటు వీళ్ళకి సోషల్ సెక్యూరిటీ నుంచి మినహాయింపు ఇచ్చింది, కట్టరు, తీసుకోరు. మిగతా పన్నులన్నీ కడతారు. ఆస్పత్రి ఖర్చు సంఘం భరిస్తుంది. పాక కాలిపోతే వందలమంది వచ్చి రోజుల్లో కొత్తది నిలబెడతారు. మా ఆవిడ ఆ మధ్య తలుపు దగ్గర చాలాసేపు నిలబడింది. కూకట్‌పల్లిలో మా ఫ్లాటులో ఇద్దరమే ఉంటాం. మా అపార్ట్‌మెంటులో సగం ఫ్లాట్లు అలాంటివే. పిల్లలతో మాటలు వీడియో కాల్లోనే, వాళ్ళకి తెల్లారితే మనకి రాత్రి.

కారులో తిరిగొస్తుంటే ఈ మాటే వచ్చింది. అమ్మాయి వెంటనే అంది, "నాన్నా, నేను అక్కడ పుట్టి ఉంటే ఎనిమిదో క్లాసుతో చదువు ఆగిపోయేది. నువ్వు నన్ను ఇంజనీరింగ్ చదివించడానికి ఎంత కష్టపడ్డావో గుర్తుందా?"

గుర్తుంది. ఆమిష్ పిల్లలు ఒకే గది బడిలో ఎనిమిదో తరగతి దాకా చదువుతారు. టీచరు ఎక్కువగా పెళ్ళికాని ఆమిష్ అమ్మాయే, తనూ ఎనిమిది చదివినదే. హైస్కూలుకి పంపమని విస్కాన్సిన్ రాష్ట్రం కేసులు పెడితే సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 1972లో గెలిచారు. చేతిపని విషయంలో ఆ చదువు వాళ్ళకి లోటు కాలేదని నేను కళ్ళారా చూశాను. నేనూ ఉస్తాద్ దగ్గర బెంచీ మీద నేర్చుకున్నవాణ్ణే. కానీ డాక్టరు కావాలనుకునే ఆడపిల్లకి అక్కడ దారి లేదు. కావాలంటే ఊరు వదలాలి. పదహారేళ్ళ తర్వాత కొంత స్వేచ్ఛ ఇస్తారు, బాప్తిస్మం తీసుకోకుండానే వెళ్ళిపోతే వెలి లేదు, రాకపోకలుంటాయి. తీసుకుని తర్వాత వెళ్ళిపోతే అదే తల్లిదండ్రులు వాళ్ళతో ఒకే బల్ల మీద భోంచెయ్యరు. ఈ వెలి నాకు మింగుడుపడలేదు, ఇప్పటికీ పడదు. మా అమ్మాయి వైపే నేను. అయినా ఆ తలుపు దగ్గర మా ఆవిడకి అనిపించింది కూడా అబద్ధం కాదు. రెండూ ఒకే కారులో కూర్చుని వచ్చాయి.

అక్కడికి దగ్గర్లోనే నికెల్ మైన్స్ అనే ఊరుంది. 2006 అక్టోబరు 2న ఒకడు తుపాకీతో అక్కడి ఆమిష్ బడిలోకి చొరబడి పదిమంది ఆడపిల్లల్ని కాల్చాడు. అయిదుగురు చనిపోయారు, వాడూ కాల్చుకున్నాడు. అదే రోజు సాయంత్రం ఆమిష్ పెద్దలు హంతకుడి భార్య దగ్గరికి వెళ్ళి క్షమించామని చెప్పారు. అతని అంత్యక్రియలకి వచ్చినవాళ్ళలో చాలామంది ఆమిష్ వాళ్ళే. వచ్చిన విరాళాల్లో అతని కుటుంబానికీ వాటా ఇచ్చారు. ఆ బడి పడగొట్టి వేరే చోట కొత్త బడి కట్టుకున్నారు. 1569లో డిర్క్ విలెమ్స్ అనే అనాబాప్టిస్టు జైలు నుంచి పారిపోతూ, వెంట తరుముతున్నవాడు మంచులో మునిగిపోతుంటే వెనక్కి వచ్చి బయటికి లాగాడు. పట్టుబడ్డాడు, సజీవంగా తగలబెట్టి చంపారు. ఈ కథ వింటూ పెరిగిన పిల్లలు పెద్దయ్యాక ఇలా చేశారు. బిడ్డలున్నవాడిగా నేనైతే చెయ్యలేను. చేసినవాళ్ళకి దండం పెడతాను.

ఇంకో సంగతి క్లుప్తంగా. కొద్ది కుటుంబాల నుంచే అంత జనం పెరగడంతో వాళ్ళలో కొన్ని అరుదైన జన్యు జబ్బులు ఎక్కువ. లాంకాస్టర్ కౌంటీలోనే ఉన్న స్ట్రాస్‌బర్గ్‌లో ఆ పిల్లల కోసమే 1989లో ఒక క్లినిక్ పెట్టారు, దాని బిల్డింగు ఆమిష్, మెన్నోనైట్ వడ్రంగులు చేతులతో లేపారు. మన హబ్సిగూడ సీసీఎంబీ శాస్త్రవేత్తలు కూడా 2017లో, తరతరాలుగా లోలోపలే పెళ్ళిళ్ళు చేసుకునే మన వర్గాలకీ ఇదే ఇబ్బంది ఉందని చూపించారు. మేనరికాలున్న ఇళ్ళు పెళ్ళి చూపులప్పుడు జాతకం పక్కన రక్తపరీక్ష కాగితం కూడా పెట్టుకోవాలి.

వెళ్ళాలనుకునేవాళ్ళకి రెండు మాటలు. ఆదివారం ఏ ఆమిష్ దుకాణమూ తీయరు. మనుషుల ఫోటోలు తీయొద్దు, విగ్రహం చేయకూడదన్న ఆజ్ఞ ప్రకారం వాళ్ళు ఫోటోకి నిలబడరు. పిల్లల గుడ్డబొమ్మలకి కూడా చాలావాటికి మొహం ఉండదు. రోడ్డు మీద గుర్రబ్బండి వెనక హారన్ కొట్టొద్దు, గుర్రం బెదురుతుంది.

హైదరాబాద్ వచ్చాక షాపులో మేస్త్రీ అడిగిన మొదటి ప్రశ్న గాలి మోటారు గురించి కాదు. "చీటీ వేసి పాస్టర్‌ని ఎన్నుకుంటరా సార్, నిజమేనా?" అని. నిజమే అన్నాను. "మా దగ్గర ఎలక్షన్లు, గొడవలు" అని తల ఊపి పనిలో పడ్డాడు.

నేను చాలాకాలంగా మోటార్లలో పెట్టే తీగచుట్లని దానంతటదే చుట్టే ఒక ఆటోమేటిక్ కాయిల్ వైండింగ్ మిషన్ కొనాలని ఆలోచిస్తున్నాను. వెళ్ళకముందు లెక్క కట్టిందల్లా ఎన్ని నెలల్లో పెట్టుబడి తిరిగొస్తుందనే. ఈసారి శనివారం హప్తా పంచేశాక షట్టరు సగం దించి, మేస్త్రీనీ వైండర్లనీ హెల్పర్ పిల్లల్నీ కూర్చోబెట్టి, ఇది వస్తే మన షాపులో ఏం పోతుందో చెప్పండి అని అడిగాను. మొదట ఎవరూ మాట్లాడలేదు. తర్వాత పని పోతుందన్న టెన్షన్ బయటికొచ్చింది. మేస్త్రీ ఇంకో మాట అన్నాడు, "చుట్లు మిషన్ లెక్కపెడితే ఈ పిల్లల వేళ్ళకి లెక్క ఎప్పుడొస్తది సార్? పెద్ద మోటరు వచ్చిన రోజు ఎవరు చుడతరు?" అందరికంటే చిన్న కుర్రాడు ఫ్యాన్ కాయిళ్ళు మాత్రం మిషన్‌కి ఇచ్చేయమన్నాడు, రోజంతా అవే చుట్టి మెడ పట్టేస్తోందట. అది నాకు ఎప్పుడూ తట్టలేదు.

రెండు శనివారాలు వాదించుకున్నాక ఇలా కుదిరింది. సీలింగ్ ఫ్యాన్లు, అర హెచ్‌పీ పంపుల కాయిళ్ళు మిషన్ మీద. అయిదు హెచ్‌పీ దాటినవన్నీ చేత్తోనే. మధ్యవి ఆ రోజు పనిని బట్టి మేస్త్రీ ఇష్టం. కొత్తగా చేరిన పిల్లవాడు మొదటి ఏడాది మిషన్ ముట్టడు. ఎవరి హప్తా కూడా తగ్గదు. మిషన్ సంక్రాంతి తర్వాత వస్తుంది, ఉగాది అయ్యాక మళ్ళీ అందరం కూర్చుంటాం, అప్పటికి మేస్త్రీ వద్దంటే అమ్మేస్తాను. అమ్మే కంపెనీ కుర్రాడికి ఈ షరతు చెప్పి, మూడు నెలల తర్వాత వెనక్కి తీసుకునే ధర కూడా కాగితం మీద రాయించుకున్నాను.